చాక్లెట్ లోపల, రేకు బయట: ఘనా దేశం ఫ్యాక్టరీల కల ఎక్కడ ఆగింది?

ఈ రోజు ఎపిసోడ్ ఒక చాక్లెట్‌తో మొదలుపెడదాం. పాతకాలం చాక్లెట్ గుర్తుందా? పైన కాగితం, లోపల మెరిసే వెండి రంగు రేకు, దాని లోపల చాక్లెట్. ఆ రేకు అల్యూమినియం. చాక్లెట్ ఏమో కోకో గింజల నుంచి వస్తుంది. ఈ రెండింటికీ కావాల్సిన ముడిసరుకు ఒకే దేశంలో, పక్కపక్కనే దొరుకుతుంది. ఆ దేశం పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా. కోకో తోటలున్నాయి, బాక్సైట్ కొండలున్నాయి, కరెంటు తీయడానికి పెద్ద నది ఉంది. మరి ప్రపంచంలో పేరున్న చాక్లెట్ కంపెనీ గానీ, అల్యూమినియం కంపెనీ గానీ ఘనాది ఒక్కటైనా మీకు తెలుసా? నాకూ తెలియదు.

"ఆఫ్రికా ఎందుకు ఎదగలేదు?" అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నలోనే ఒక తప్పుంది. ఆఫ్రికా ఒక దేశం కాదు, యాభైకి పైగా దేశాలు. ఒక్కో దేశానిదీ ఒక్కో కథ. అందుకని నేను ఒకే దేశాన్ని, అందులోనూ ఒకే ప్రాజెక్టును తీసుకుంటున్నాను. ఆ ప్రాజెక్టు లెక్కలు కొంచెం ఓపిగ్గా చూస్తే, "నాయకుడు పిచ్చోడు" అనే కథా, "అంతా తెల్లవాళ్ల కుట్ర" అనే కథా రెండూ సరిపోవని మీకే తెలుస్తుంది.

ముందు కోకో సంగతి. ఎందుకంటే డబ్బంతా అక్కడి నుంచే వచ్చింది.

బ్రిటిష్ వాళ్ల కాలంలో ఘనా పేరు గోల్డ్ కోస్ట్. కోకో అక్కడి చెట్టు కాదు, దక్షిణ అమెరికాది. 19వ శతాబ్దం చివర్లో టెట్టే క్వార్షీ అనే కమ్మరి ఫెర్నాండో పో దీవి నుంచి విత్తనాలు తెచ్చి నాటాడని అక్కడి పిల్లలు బడిలో చదువుకుంటారు. ఆ తర్వాత జరిగింది చూడండి. దక్షిణ ప్రాంతపు రైతులు డబ్బులు పోగేసుకుని, గుంపులుగా అడవి భూములు కొనుక్కుని, వలస వెళ్లి మరీ తోటలు వేశారు. తెల్లదొరల ఎస్టేట్లు కావవి. నల్లజాతి చిన్న రైతులు సొంతంగా వేసుకున్న తోటలు. 1911 నాటికి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కోకో పండించే దేశం గోల్డ్ కోస్ట్. అంటే ఈ రైతులకు వ్యాపారం తెలియక కాదు. 1937లో యూరప్ కంపెనీలన్నీ కూడబలుక్కుని రేటు తగ్గిస్తే, రైతులు "మీకు సరుకు అమ్మం" అని నెలల తరబడి గింజలు ఆపేశారు. తర్వాతి ఏడాది ఏప్రిల్ దాకా సాగింది ఆ పోరాటం. అంత పట్టుదల ఉన్న మనుషులు వాళ్లు.

1947లో బ్రిటిష్ ప్రభుత్వం కోకో మార్కెటింగ్ బోర్డు పెట్టింది. చెప్పడానికి మంచి ఆలోచనే. రైతుకు బోర్డు ఒక స్థిరమైన ధర ఇస్తుంది, అంతర్జాతీయ మార్కెట్లో రేటు పెరిగినప్పుడు మిగులు దాచిపెడుతుంది, పడిపోయినప్పుడు ఆ మిగులుతో రైతును ఆదుకుంటుంది. మన దగ్గర మద్దతు ధర గురించి మాట్లాడుకున్నట్టే ఉంది కదా? కాకపోతే దాచిన డబ్బు లండన్‌లో ఉంది, తాళం ప్రభుత్వం చేతిలో ఉంది. ఒకసారి అలవాటైన ప్రభుత్వం ఆ గల్లాపెట్టెని వదులుతుందా?

ఇప్పుడు మన హీరో వస్తాడు. క్వామే ఎన్‌క్రుమా. బడిపంతులు, అమెరికాలో లింకన్ యూనివర్సిటీలో చదివాడు, లండన్‌లో ఉద్యమాల్లో తిరిగాడు, 1947లో దేశానికి తిరిగొచ్చాడు. 1949లో సొంత పార్టీ పెట్టాడు. 1951 ఎన్నికలప్పుడు ఆయన జైల్లో ఉన్నాడు. జైల్లోంచే గెలిచి, నేరుగా ప్రభుత్వంలోకి నడిచాడు. 1957 మార్చి 6న దేశానికి స్వాతంత్ర్యం. సహారా ఎడారికి దక్షిణాన వలస పాలన నుంచి బయటపడిన తొలి నల్లజాతి దేశాల్లో అది ముందుంది. ఆ వేడుకకు మార్టిన్ లూథర్ కింగ్ వచ్చాడు, అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్ కూడా వచ్చాడు. ప్రపంచమంతా చూస్తోంది. ఖజానాలో విదేశీ నిల్వలు సుమారు 20 కోట్ల పౌండ్లు. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఎవరిదో మీకు తెలుసు. కోకో రైతులది.

ఎన్‌క్రుమా ఆలోచన సూటిగానే ఉంది. ఒకే పంట మీద బతికే దేశం ఎప్పటికీ పక్కోడి దయ మీదే బతుకుతుంది. లండన్‌లో కోకో రేటు తుమ్మితే ఇక్కడ జ్వరం వస్తుంది. కాబట్టి ఫ్యాక్టరీలు కావాలి, ఫ్యాక్టరీలకు కరెంటు కావాలి. ఇందులో తప్పేం లేదు. అదే కాలంలో నెహ్రూ కూడా ఇలాగే ఆలోచించాడు. 1955 డిసెంబర్‌లో నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేసింది ఆయనే. ఆ తరం నాయకులందరికీ డ్యామ్ అంటే కాంక్రీటు మాత్రమే కాదు, "మేం కూడా చేయగలం" అనే మాటకి రూపం.

ఘనాకి ఆ డ్యామ్ ఎక్కడ కట్టాలో అప్పటికే తెలుసు. ఆల్బర్ట్ కిట్సన్ అనే బ్రిటిష్ జియాలజిస్టు 1915లోనే వోల్టా నది మీద పడవలో వెళ్తూ, రెండు కొండల మధ్య అకొసొంబో దగ్గర నది ఇరుకవ్వడం చూశాడు. దేశంలో బాక్సైట్ ఉందని కూడా ఆయనే గుర్తించాడు. ఇక్కడ కరెంటు తీసి, ఆ బాక్సైట్‌ని కరిగించి అల్యూమినియం చేయొచ్చు అన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, అల్యూమినియం ఎలా తయారవుతుందో చెప్పాలి. లేకపోతే అసలు మోసం, లేదా పొరపాటు, మీరు ఏ పేరైనా పెట్టుకోండి, అది అర్థం కాదు. బాక్సైట్ అంటే ఎర్రమట్టి రాయి. దాన్ని ఒక రిఫైనరీలో శుద్ధి చేస్తే పంచదారలాంటి తెల్లటి పొడి వస్తుంది, పేరు అల్యూమినా. ఆ పొడిని స్మెల్టర్‌లో పోసి, విపరీతమైన కరెంటు పంపితే లోహం వస్తుంది. సుమారు నాలుగు టన్నుల రాయి, రెండు టన్నుల పొడి, ఒక టన్ను లోహం. ఆ ఒక్క టన్నుకీ దాదాపు 15,000 యూనిట్ల కరెంటు. నెలకు 150 యూనిట్లు కాల్చే ఇంటికి అది ఎనిమిదేళ్లకు పైగా వస్తుంది. అందుకే అల్యూమినియం అంటే గడ్డకట్టిన కరెంటు అని సరదాగా చెబుతుంటారు. కరెంటు ఎక్కడ చవగ్గా దొరికితే కంపెనీలు అక్కడికి పోతాయి.

మూడు మెట్లు. గని, రిఫైనరీ, స్మెల్టర్. ఇది గుర్తుపెట్టుకోండి.

1956లో వచ్చిన మొదటి పెద్ద రిపోర్టులో మూడూ ఉన్నాయి. ఘనా బాక్సైట్, ఘనాలో రిఫైనరీ, ఘనాలో స్మెల్టర్, దానికి డ్యామ్, రైలుమార్గం, టెమా దగ్గర కొత్త ఓడరేవు. మొత్తం గొలుసు. కానీ ఖర్చు భయంకరంగా ఉంది. బ్రిటిష్ వాళ్లు వెనక్కి తగ్గారు, అల్యూమినియం రేట్లు కూడా మెత్తబడ్డాయి. 1958లో ఎన్‌క్రుమా వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ని కలిశాడు. అక్కడి నుంచి హెన్రీ కైజర్ అనే అమెరికన్ పారిశ్రామికవేత్త సీన్‌లోకి వచ్చాడు. డ్యాములు కట్టడం, ఓడలు కట్టడం, అల్యూమినియం చేయడం, అన్నీ చేసిన మనిషి. 1959లో కైజర్ ఇంజినీర్లు ప్లాన్‌ని మళ్లీ లెక్కేశారు. డ్యామ్‌ని అజెనా నుంచి అకొసొంబోకి జరిపారు, స్మెల్టర్‌ని టెమాకి జరిపారు, ఖర్చు బాగా తగ్గింది. అందరూ సంతోషించారు.

ఖర్చు తగ్గడానికి ఇంకో కారణం ఉంది. మధ్య మెట్టు తీసేశారు. రిఫైనరీ ఇప్పుడే వద్దు, ఘనా బాక్సైట్ ఇప్పుడే వద్దు, అల్యూమినా పొడిని బయటి నుంచి ఓడల్లో తెచ్చుకుందాం అన్నారు. బయటి నుంచి అంటే? కైజర్ కంపెనీకే జమైకాలో బాక్సైట్ గనులున్నాయి, అమెరికాలోని లూసియానాలో రిఫైనరీలున్నాయి. తన పొడిని తానే అమ్ముకునే కంపెనీ, పక్కన కొత్త రిఫైనరీ కట్టమని ఎందుకు సలహా ఇస్తుంది? కైజర్‌ని నేను విలన్ అనడం లేదు. వ్యాపారి వ్యాపారం చేశాడు. ప్లాన్ రాసేవాడూ, స్మెల్టర్ కట్టుకునేవాడూ, ముడిసరుకు అమ్మేవాడూ ఒకడే అయినప్పుడు బల్లకి అవతల కూర్చున్నవాడు ఎంత జాగ్రత్తగా ఉండాలి అన్నదే నా ప్రశ్న.

ఎన్‌క్రుమాకి ఇది తెలియదా? తెలుసు. కానీ ఆయన దగ్గర ఇంకో దారి పెద్దగా లేదు. ప్రపంచ బ్యాంకు అప్పు ఇవ్వాలంటే, కరెంటు కొనే పెద్ద కస్టమర్ ఎవరో ముందు చూపించమంది. ఆ కస్టమర్ కైజర్ ఒక్కడే. ఒకే కొనుగోలుదారు ఉన్న మార్కెట్ యార్డులో మీ మిర్చి బస్తా రేటు ఎవరు చెబుతారు? ఇక్కడా అంతే.

రాజకీయం కూడా తోడైంది. 1956లో ఈజిప్టు ఆస్వాన్ డ్యామ్ నుంచి అమెరికా తప్పుకుంటే సోవియట్ యూనియన్ దూరింది. 1961లో ఎన్‌క్రుమా మాస్కో వెళ్లొచ్చాడు. ఘనా కూడా చేజారిపోతుందేమో అని వాషింగ్టన్‌లో గుబులు. ఆ నవంబర్‌లో అక్రాలో బాంబులు పేలిన కొద్దిరోజులకే, వెళ్లొద్దని ఎంతమంది చెప్పినా ఎలిజబెత్ రాణి ఘనా పర్యటనకు వెళ్లింది, ఎన్‌క్రుమాతో కలిసి డాన్స్ కూడా చేసింది. డిసెంబర్‌లో కెనెడీ వోల్టా ప్రాజెక్టుకి సరే అన్నాడు. ఒక దేశపు కరెంటు ప్రాజెక్టు, చివరికి ప్రచ్ఛన్న యుద్ధంలో పావుగా మారి ఓకే అయ్యింది.

ఇప్పుడు కాంట్రాక్టు చూద్దాం. స్మెల్టర్ కంపెనీ పేరు వాల్కో. అందులో 90 శాతం కైజర్‌ది, 10 శాతం రేనాల్డ్స్ అనే ఇంకో అమెరికన్ కంపెనీది. ఘనాకి సున్నా. డ్యామ్ ఖర్చు అంచనా 7 కోట్ల పౌండ్లు, అందులో సగం ఘనా సొంత డబ్బు, మిగతాది ప్రపంచ బ్యాంకు, అమెరికా, బ్రిటన్ నుంచి అప్పు. అంటే డ్యామ్ రిస్కు ఘనాది. స్మెల్టర్‌కి అమెరికా ప్రభుత్వ బ్యాంకు అప్పు, పైగా కైజర్ పెట్టుబడికి అమెరికా ప్రభుత్వ గ్యారంటీ. పన్నుల్లో ఏళ్ల తరబడి మినహాయింపులు.

కరెంటు రేటు యూనిట్‌కి 2.625 మిల్స్. మిల్ అంటే అమెరికన్ సెంటులో పదో వంతు. అంటే యూనిట్ రేటు సెంటులో పావు వంతు కంటే కాస్త ఎక్కువ. 1962లో డాలరు మన డబ్బుల్లో 4 రూపాయల 76 పైసలు. లెక్కేస్తే యూనిట్ పైసా పావు. ప్రపంచంలోనే అతి చవక రేట్లలో అదొకటి. అంత చవకైన రేటుకి ఎంతకాలం ఒప్పందం? 30 ఏళ్లు.

30 ఏళ్లు! మీలో చాలామంది వయసు కంటే ఎక్కువ. నేను మొదటిసారి ఈ సంఖ్య చూసినప్పుడు టైపింగ్ తప్పేమో అనుకున్నాను.

ఇంకో సంగతి. వాల్కో మామూలు కంపెనీలా సరుకు కొని, లోహం చేసి, అమ్మి లాభం చూసుకునే రకం కాదు. యజమానులే పొడి పంపిస్తారు, యజమానులే లోహం తీసుకుపోతారు, వాల్కోకి మాత్రం మర కూలీ ఇస్తారు. మన ఊళ్లో రైస్ మిల్లుకి వడ్లు తీసుకెళ్లి బియ్యం పట్టించుకుని కూలీ ఇచ్చి వస్తామే, సరిగ్గా అదే. బియ్యం ఎంతకు అమ్ముడుపోయాయన్నది మిల్లు లెక్కల్లో కనపడదు.

డ్యామ్ మాత్రం అద్భుతంగా కట్టారు. ఇంప్రెజిలో అనే ఇటలీ కంపెనీ 1961లో మొదలుపెట్టి 1965కల్లా పూర్తి చేసింది. దాని వెనక పుట్టిన వోల్టా సరస్సు సుమారు 8,500 చదరపు కిలోమీటర్లు. మనిషి కట్టిన సరస్సుల్లో విస్తీర్ణంలో ప్రపంచంలోనే పెద్దది. దేశం భూమిలో దాదాపు 3.6 శాతం నీళ్లలోకి పోయింది.

ముంపు గ్రామాలు 700కి పైనే. నిర్వాసితులు 80,000 మంది. శ్రీశైలం, పోలవరం కథలు విన్న మనకి ఈ మాటలు కొత్త కాదు. 52 పునరావాస కాలనీలు కట్టారు. 1964లో నీళ్లు ఎక్కడం మొదలయ్యేసరికి అన్నీ హడావుడే. ఒక్క గది పూర్తిచేసి, మిగతా గదులకు పునాది గీసి, "మిగిలింది మీరే కట్టుకోండి" అని అప్పగించిన ఇళ్లు. యంత్రాలతో చదును చేసిస్తామన్న పొలాలు సమయానికి తయారవలేదు. చాలామంది మొదటి ఏళ్లు ఆహార సాయం మీదే బతికారు. కొందరు విసిగి సరస్సు ఒడ్డుకి పోయి చేపలు పట్టుకోవడం మొదలుపెట్టారు. నిలిచిపోయిన నీళ్లలో నత్తలు పెరిగాయి, వాటితో బిల్హార్జియా అనే జబ్బు పిల్లల్లో విపరీతంగా పాకింది. డ్యామ్ కింద నదిలో ఆల్చిప్పలు ఏరుకుని బతికే ఆడవాళ్ల జీవనాధారం పోయింది. ఎందుకంటే వరద వచ్చిపోయే లయ ఆగిపోయింది. ఇక నాకు బాగా గుచ్చుకున్న విషయం ఇది. ఏ కరెంటు కోసం ఊళ్లు వదిలారో, ఆ కరెంటు చాలా కాలనీలకు దశాబ్దాల పాటు రాలేదు. తీగలు వాళ్ల నెత్తి మీంచే టెమాకి వెళ్లాయి. మొదటి ఏళ్లలో డ్యామ్ కరెంటులో సగానికి పైగా వాల్కోనే వాడుకుంది.

డ్యామ్ ఒక్కటే కాదు, దేశమంతా ఫ్యాక్టరీలు మొదలుపెట్టారు. ఇక్కడ నవ్వాలో ఏడవాలో తెలియని ఒక ఉదాహరణ ఉంది. వెంచి అనే ఊళ్లో మామిడి, టమాటా డబ్బాల ఫ్యాక్టరీ. ఏడాదికి 7,000 టన్నుల మామిడి కావాలి. అంటే సుమారు 1,400 ఎకరాల తోటలు. ఆ ప్రాంతంలో ఉన్నది? పొదల్లో అక్కడొకటి ఇక్కడొకటి అడవి మామిడి చెట్లు. మామిడి మొక్క నాటితే కాపుకి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో నూజివీడు రైతుని అడగండి. ఫ్యాక్టరీ ముందొచ్చింది, తోట ఊహల్లోనే ఉంది. చెప్పుల ఫ్యాక్టరీది ఇంకో కథ. పశువులు ఉత్తరాన, తోళ్లు శుద్ధి చేసేది దాదాపు 500 మైళ్ల అవతల దక్షిణాన, ఆ తోలు మళ్లీ 200 మైళ్లు వెనక్కి కుమాసీకి, కుట్టిన చెప్పులు మళ్లీ 200 మైళ్లు అక్రాకి. ఎందుకలా? ప్రతి ప్రాంతానికీ ఒక ఫ్యాక్టరీ ఇవ్వాలి కాబట్టి. ఇది మనకు తెలియని రాజకీయమా చెప్పండి.

ఇవన్నీ జరగకముందే హెచ్చరించిన మనిషి ఒకడున్నాడు. ఆర్థర్ లూయిస్. కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో పుట్టిన నల్లజాతి ఆర్థికవేత్త. తర్వాత 1979లో నోబెల్ అందుకున్నాడు. 1953లోనే గోల్డ్ కోస్ట్ పారిశ్రామికీకరణ మీద రిపోర్టు రాశాడు. ఆయన ఫ్యాక్టరీలు వద్దనలేదు. ముందు తిండి పంటల దిగుబడి పెంచండి అన్నాడు. రైతు ఒక్కడే ఇంకో నలుగురికి తిండి పండిస్తేనే ఆ నలుగురు ఫ్యాక్టరీకి రాగలరు, రైతు జేబులో డబ్బుంటేనే ఫ్యాక్టరీ సరుకు కొనేవాడు ఉంటాడు. ఇంతే. 1957లో ఎన్‌క్రుమా ఆయన్నే సలహాదారుగా పిలిచాడు. ఏడాది చివర దాకా గొడవలే. రాజధానికి షోకులు, పార్టీకి కావాల్సిన ఖర్చులు, వీటికే డబ్బు పోతోందని లూయిస్ బాధ. 1958 ముగిసేసరికి వెళ్లిపోయాడు. మీ సలహా ఆర్థికంగా సరైనదే కావచ్చు, కానీ నేను రాజకీయ నాయకుణ్ణి, భవిష్యత్తు మీద పందెం కాయాల్సినవాణ్ణి అన్న అర్థంలో ఎన్‌క్రుమా ఆయనకు రాశాడు.

ఆ మాట నాకు చాలా నచ్చుతుంది, అంతే కోపం కూడా వస్తుంది. పందెం కాయడం తప్పు కాదు. వలస పాలన నుంచి బయటపడ్డ దేశం పందెం కాయకుండా ఎలా ఎదుగుతుంది? కానీ పందెంలో పెట్టిన డబ్బు ఎవరిది?

1954లో లండన్‌లో కోకో టన్ను 450 పౌండ్లు దాటిన రోజులున్నాయి. అదే ఏడాది ప్రభుత్వం రైతుకి ధర ఖాయం చేసింది. 60 పౌండ్ల బరువున్న బస్తాకి, అంటే మన 27 కిలోలకి, 72 షిల్లింగులు. టన్నుకి 450 పౌండ్ల లెక్కన అదే బస్తాకి సుమారు 240 షిల్లింగులు వస్తుంది. మూడో వంతు కూడా రైతుకి చేరలేదు. అశాంటి ప్రాంతపు రైతులు భగ్గుమన్నారు. ఆ సెప్టెంబర్‌లోనే కుమాసీలో ప్రతిపక్ష ఉద్యమం పుట్టింది. ఎన్‌క్రుమా ఏమన్నాడంటే, ఈ మిగులుతో బడులు, రోడ్లు, ఫ్యాక్టరీలు వస్తాయి అని. బడులు, రోడ్లు నిజంగా వచ్చాయి కూడా, ఆ క్రెడిట్ ఆయనకి ఇవ్వాలి. 1961లో ప్రాథమిక విద్య ఉచితం, నిర్బంధం చేశాడు. టెమా లాంటి ఓడరేవు నగరం కళ్ల ముందు లేచింది.

కానీ రైతులు ఎక్కువ తోటలు వేసిన కొద్దీ దిగుబడి పెరిగి, 1964-65లో పంట 5.5 లక్షల టన్నులు దాటింది. ప్రపంచ మార్కెట్ ముంచెత్తింది. ధర కుప్పకూలింది, 1954 శిఖరంలో మూడో వంతు కంటే కిందికి. ఆ రోజు కోసమే కదా బోర్డులో డబ్బు దాచింది? పెట్టె తెరిస్తే ఖాళీ. పైగా దేశం నిండా తక్కువ గడువుకి తెచ్చిన విదేశీ అప్పులు. రైతు ధర పెంచాల్సింది పోయి ఇంకా కోశారు. అప్పటికి ఒకే పార్టీ, విమర్శించిన వాళ్లు విచారణ లేకుండా జైల్లో. తప్పు జరుగుతోందని చెప్పే మనిషి మిగల్లేదు.

1966 జనవరి 22న ఎన్‌క్రుమా అకొసొంబో డ్యామ్‌ని ప్రారంభించాడు. ఫిబ్రవరి 24న, ఆయన ఆసియా పర్యటనలో ఉండగా, సైన్యం ప్రభుత్వాన్ని కూల్చేసింది. నెల రోజుల తేడా. కుట్ర సంగతి అమెరికా అధికారులకు ముందే తెలుసని తర్వాత బయటికొచ్చిన పత్రాలు చెబుతున్నాయి. అది నిజమే. ఆ రోజు అక్రా వీధుల్లో జనం సంబరాలు చేసుకుని ఆయన విగ్రహాన్ని కూల్చారన్నదీ నిజమే. రెండూ కలిపి చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు. ఆయన మళ్లీ ఘనా నేల మీద కాలు పెట్టలేదు. 1972లో చనిపోయాడు.

వాల్కో మాత్రం 1967లో మొదలై హాయిగా నడిచింది. 1973లో చమురు ధరలు ఆకాశానికి లేచి ప్రపంచమంతా కరెంటు రేట్లు పెరిగినా, ఇక్కడ చిన్న చిన్న పెంపులే. కోకో రైతులు ఏం చేశారో ఊహించండి. ఎదురు తిరగలేదు, చెట్లని పట్టించుకోవడం మానేశారు. ఉన్న గింజల్ని రాత్రిళ్లు సరిహద్దు దాటించి ఐవరీ కోస్ట్‌లో, టోగోలో అమ్ముకున్నారు. 1983-84కి పంట సుమారు 1,60,000 టన్నులకు పడిపోయింది. అదే సమయంలో ఘోరమైన కరువు. సరస్సు అడుగంటి, స్మెల్టరే ఆగిపోయింది. ఆ 1983 జనవరిలోనే నైజీరియా తన దగ్గరున్న లక్షలాది మంది ఘనా వలస కూలీల్ని వెళ్లగొట్టింది. గళ్ల గళ్ల ప్లాస్టిక్ సంచుల్లో సామాను కుక్కుకుని రోడ్డున పడ్డారు. ఆ సంచికి నైజీరియాలో ఇప్పటికీ "ఘనా పోవాలి" అనే పేరే ఉంది. మన రైల్వే స్టేషన్లలో కూడా కనిపిస్తుంది అదే సంచి.

ఆ గడ్డు కాలంలోనే రాలింగ్స్ ప్రభుత్వం కాంట్రాక్టుని మళ్లీ బల్ల మీదికి లాగింది. స్మెల్టర్ ఆగి ఉంది, కాబట్టి ఈసారి బేరంలో ఘనా చేతిలో ఏదో ఉంది. 1985లో రేటు 17 మిల్స్ అయ్యింది. మొదటి రేటుకి ఆరు రెట్లు పైనే. అంటే బేరం ఆడొచ్చు, ఆడితే వస్తుంది. దాదాపు ఇరవై ఏళ్లు ఆలస్యంగా.

చాలామంది ఇక్కడ దక్షిణ కొరియా పేరు తెస్తారు. 1957లో రెండు దేశాల తలసరి ఆదాయం దగ్గర దగ్గరగా ఉండేది, ఇప్పుడు చూడండి అని. ఈ పోలిక నాకు సగమే నచ్చుతుంది. కొరియాకి అమెరికా సాయం కుండపోతగా వచ్చింది, భూ సంస్కరణలు ముందే జరిగాయి. కానీ ఒక్క విషయంలో పోలిక పనికొస్తుంది. కొరియా పోస్కో స్టీల్ ప్లాంటు పెట్టినప్పుడు వాళ్లకి చెప్పుకోదగ్గ ఇనుప ఖనిజం లేదు, దిగుమతి చేసుకున్నారు. ప్రపంచ బ్యాంకు పనికిరాదంది. జపాన్ నుంచి వచ్చిన పరిహారం డబ్బుతో కట్టారు. 1973లో ఉక్కు పోశారు. కాబట్టి ముడిసరుకు బయటి నుంచి రావడం అనేది దానంతట అది పాపం కాదు. ప్లాంటు వాళ్లది, లాభం వాళ్లది, నేర్చుకున్న ఇంజినీర్లు వాళ్లవాళ్లు, ఆ ఉక్కుతో ఓడలు, కార్లు కట్టింది వాళ్లు. టెమాలో పొయ్యి ఘనా నేల మీద ఉంది, వంట మాత్రం వేరేవాళ్లది. అల్యువర్క్స్ అనే స్థానిక ఫ్యాక్టరీ వాల్కో లోహంలో కొద్ది భాగం తీసుకుని రేకులు చేసింది, వాటితో గిన్నెలు, ఇంటికప్పులు వచ్చాయి. అంత చిన్న ముక్కే అక్కడ మిగిలింది.

2002లో కైజర్ కంపెనీ దివాలా తీసింది. 2004లో వాళ్ల 90 శాతం వాటాని ఘనా ప్రభుత్వం కొనుక్కుంది, మిగతా పదీ 2008లో వచ్చింది. అంటే స్మెల్టర్ ఇప్పుడు పూర్తిగా దేశానిదే. కానీ అప్పటికి కరెంటుకే కొరత. 2012 నుంచి కొన్నేళ్లు కోతలు ఎంత పెరిగాయంటే, ట్వి భాషలో దానికి "డమ్సోర్" అనే మాటే స్థిరపడింది. డమ్ అంటే ఆర్పు, సోర్ అంటే వెలిగించు. వాల్కో పూర్తి సామర్థ్యంలో చిన్న భాగంతోనే నెట్టుకొచ్చింది. దేశానికి చేతికొచ్చేసరికి ప్లాంటు ముసలిదైంది, చవక కరెంటు యుగం అయిపోయింది.

రిఫైనరీ కడతామని ప్రతి ప్రభుత్వమూ చెబుతూనే ఉంది. 2018లో దానికోసం ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ సంస్థనే పెట్టారు. చైనా కంపెనీతో రోడ్లకి బదులు బాక్సైట్ ఒప్పందం, అటేవా అడవిలో తవ్వకాలు వద్దని స్థానికుల ఆందోళన... అది పూర్తిగా వేరే ఎపిసోడ్, తప్పకుండా చేస్తాను. ఈలోపు అవాసో గని నుంచి ఎర్రమట్టి రాయి లోడ్ అయ్యి టాకొరాడి రేవుకి వెళ్తుంది, ఓడ ఎక్కుతుంది. టెమా స్మెల్టర్‌కి కావాల్సిన తెల్ల పొడి ఇంకో ఓడలో వస్తుంది.

ఉంటాను మరి.